బొమ్మరిల్లు చేసే ఇంట్లో తల్లిలేని ఉడత పిల్ల: అపోహలు - వాస్తవాలు

గాలివాన వెలిసిన మర్నాడో, కొబ్బరిచెట్లకు మట్టలు కొట్టించిన రోజో విశాఖలో ఉడత పిల్లలు కిందపడి కనిపించడం మామూలే. మట్టల మొదట్లో, ఏసీ పెట్టె వెనక, వెంటిలేటర్ల సందుల్లో అవి గూళ్లు కడతాయి. బుల్లి బొమ్మరిళ్లు చేసేవాళ్ల ఇంటికి అలాంటి పిల్ల చేరితే మిగతా ఇళ్లలో లేని చిక్కు ఒకటి వస్తుంది. ఆ పనికి కావాల్సిన సరంజామా, పిల్లకు కావాల్సిన సరంజామా దాదాపు ఒకటే: సూది లేని 1 మి.లీ. సిరంజి, దూది, పట్టకారు, గ్రాములో పదోవంతు కూడా చూపించే తూకం, వెచ్చదనానికో దీపం. చేతికి అందింది తీసి వాడేస్తాం. పిల్ల ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా అక్కడే.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక ముట్టుకోదు.

ముట్టుకుంటుంది. తల్లి ఉడత పిల్లను నోట కరుచుకుని ఇంకో గూటికి మోసుకుపోతుంది. మన వాసన దానికి అడ్డం కాదు. అందుకే ముందు ఆ అవకాశం ఇవ్వాలి. పిల్లకు దెబ్బలు లేకపోతే చేతుల్లో కాసేపు ఉంచుకుని వెచ్చబరచండి. చిన్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ వేసి, పిల్లను పెట్టి, పడిన చెట్టుకే మనిషి ఎత్తులో నీడపట్టున కట్టండి. పైన మూత ఉండకూడదు, చుట్టుపక్కల చీమలు ఉండకూడదు. దూరంగా, కిటికీ లోపలినుంచి చూడండి. కాకులు, పిల్లులు వస్తే తప్ప కదలొద్దు. ఉడత పగటిపూట తిరిగేది కాబట్టి పొద్దుగూకేలోపు తల్లి రాకపోతే పిల్లను లోపలికి తెచ్చేయాలి. పిల్లి నోట పడిన పిల్లయితే ఇలా ఎదురుచూడొద్దు. పైకి గాయం కనబడకపోయినా పిల్లి పంటి గాటుతో లోపలికి బాక్టీరియా పోతుంది. వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

అపోహ: ఆకలితో అరుస్తోంది, ముందు నాలుగు చుక్కలు పాలు పట్టాలి.

ఒళ్లు చల్లగా ఉన్న పిల్లకు ఏదీ పట్టకూడదు. చల్లబడిన ఒంట్లో జీర్ణం జరగదు, లోపలికి పోయింది పులిసి కడుపు ఉబ్బుతుంది. గోరువెచ్చని నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పెట్టె కింద ఒక సగానికే ఆనించాలి. వేడి ఎక్కువైతే పిల్ల రెండో సగానికి జరిగే చోటుండాలి. బుగ్గకు ఆనించి చూస్తే పిల్ల పొట్ట వెచ్చగా తగిలాకే పట్టడం మొదలు.

మొదట పట్టేది ఓఆర్ఎస్. పొట్లం మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలిపి, గోరువెచ్చగా పట్టాలి. కలిపినది మర్నాటికి దాచొద్దు. ఆవుపాలు, గేదెపాలు, పసిపిల్లల డబ్బాపాలు వద్దు. ఉడత పాలలో కొవ్వు బాగా ఎక్కువ, లాక్టోజు తక్కువ. మన పాలు పడితే విరేచనాలై, ఇంత చిన్న ఒంట్లోని నీరంతా గంటల్లో పోతుంది. తర్వాత ఏం పట్టాలో వైద్యుడే చెప్పాలి. సాధారణంగా కుక్కపిల్లలకు వాడే పాలపొడి కలపమంటారు.

ఎంత పట్టాలన్నది తూకమే చెబుతుంది. ఒక్కసారికి ఒంటి బరువులో 5 శాతం, అంటే 20 గ్రాముల పిల్లకు 1 మి.లీ. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. అరచేతిలో బోర్లా, తల కాస్త పైకి ఉండేలా పట్టుకుని, చుక్క పెదవులకు తగిలించి అది చప్పరించాకే ఇంకో చుక్క వదలాలి. ముక్కులోంచి బుడగలు వస్తే ఆపేసి, తల కిందికి వంచి తుడవాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన పాలు న్యుమోనియా తెస్తాయి, చేతిపెంపకంలో పిల్లలు పోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. కళ్లు తెరవని పిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా రాయాలి. తల్లి నాకి చేయించే పని అది.

అపోహ: సిరంజి వేడినీళ్లతో కడిగేస్తే దేనికైనా వాడొచ్చు.

కుదరదు. జిగురు, రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం), థిన్నర్ (రంగును పలుచన చేసే ద్రవం) తగిలిన సిరంజిలో ఆ రసాయనం రబ్బరు ముక్కలోకి ఇంకుతుంది. ఎన్ని నీళ్లు పోసినా పోదు, తర్వాత పట్టిన పాలల్లోకి దిగుతుంది. పిల్ల ఇంట్లో అడుగుపెట్టిన నిమిషమే పనిబల్ల మీది సిరంజిలన్నిటికీ ఎర్ర టేపు చుట్టేయండి. పిల్లవి మందుల షాపులో కొత్తవి కొని, వంటింట్లో మూత డబ్బాలో పెట్టండి. పట్టకారు విషయమూ ఇంతే. తూకం ఒకటే ఉంటే పిల్లను తూచేందుకు ఒక స్టీలు గిన్నె కేటాయించి, దాని అడుగున కూడా కొత్త కాగితం వేయాలి.

దూది గురించి గట్టిగా చెప్పాలి. ఫెవిక్విక్‌లాంటి జిగురు దూదికి, నూలు గుడ్డకు తగిలితే చురుగ్గా చర్య జరిగి, చర్మం కాలేంత వేడి పుడుతుంది. బల్ల మీద కారిన జిగురును పిల్ల కోసం తెచ్చిన దూదితో తుడవడం, అదే ముక్క పెట్టెలోకి వెళ్లడం జరగనివ్వకండి. పిల్లకు పరుపుగా కూడా దూది వద్దు, దాని పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడనివ్వవు. ఉతికి ఉతికి మెత్తబడిన బనీను గుడ్డ మేలు. తువ్వాలు ముక్కలో గోళ్లు ఇరుక్కుంటాయి.

అపోహ: సముద్రపు గాలి వస్తుంది కదా, కిటికీ తీస్తే చాలు.

గాలి వచ్చే వైపు బల్ల, గాలి పోయే వైపు పెట్టె ఉంటే కిటికీ తీయడం వల్ల కీడే. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేలకు దిగుతుంది. మనం పెట్టె పెట్టేదీ నేలమీదే. పైగా చిన్న ప్రాణి మనకన్నా ఎంతో వేగంగా ఊపిరి తీస్తుంది. పిల్ల ఉన్నన్నాళ్లూ స్ప్రే రంగులు, థిన్నర్, రెజిన్, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన) చెక్కను రుద్దడం, ఓవెన్లో పాలిమర్ మట్టి కాల్చడం మానేయండి. ఆ మట్టి పీవీసీతో చేసింది. వేడి హద్దు దాటి మాడితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. ఫెవికాల్ పని, కాగితం కత్తిరింపు, నీటిరంగులు, కుట్టుపని చేసుకోవచ్చు, అదీ వేరే గదిలో, తలుపు వేసి. పిల్ల దగ్గరికి వెళ్లేముందు చేతులు కడిగి చొక్కా మార్చండి.

అపోహ: డబ్బా మీద విషం కాదని రాసి ఉంది, కొరికినా ఫర్వాలేదు.

ఆ మాట రాసింది మనిషి వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని, వంద గ్రాముల ఉడతను కాదు. దాని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి దొరికిందల్లా కొరుకుతుంది. ఉప్పు కలిపి చేసిన పిండి బొమ్మలు మరీ ప్రమాదం, ఆ ఉప్పే దాన్ని చంపగలదు. బుల్లి దీపాల్లో వేసే బటన్ సెల్ మింగితే గొంతులో పుండు పడుతుంది. పూసలు, అయస్కాంతం ముక్కలు, వైర్లు రోజూ లెక్కపెట్టి మూత డబ్బాలో వేయాలి.

అపోహ: ఏటికొప్పాక లక్కబొమ్మలు సహజ రంగులవే, పిల్లకు ఆడుకోను ఇవ్వొచ్చు.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను ఒత్తిపడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందులాంటి వాటితో సహజ రంగులను తిరిగి నిలబెట్టినందుకే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపూ (జీఐ) ఉంది. అలాగని మన చేతిలోని ప్రతి లక్కపిడతా ఆ రంగులదే అని చూసి చెప్పలేం. పైగా రంగు ఏదైనా లక్క పెచ్చు పెచ్చే. పళ్లు అరగడానికి మందు కొట్టని వేప పుల్లో, జామ పుల్లో బెరడుతో సహా ఇవ్వండి.

లక్కపిడతల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అంగుళం అడుగుతో సమానం అనే 1:12 కొలతలో బొమ్మరిల్లు చేసేవాళ్లు వాటిని నేరుగా పెట్టేస్తారు. రెండంగుళాల బిందె ఆ ఇంట్లో రెండడుగుల గంగాళం అవుతుంది. అరంగుళం మించని పిడతలే వంటింటికి నప్పుతాయి, పెద్దవి పెరట్లో కాగులుగా బాగుంటాయి. నేలకు ఐస్‌క్రీమ్ పుల్ల చక్కగా సరిపోతుంది. దాని 10 మి.మీ. వెడల్పు 12 సెం.మీ. పలకతో సమానం.

అపోహ: విశాఖ ఉక్కలో అట్టపని నిలవదు.

నిలుస్తుంది. అట్ట వంగిపోవడానికి కారణం ఒక్క ఉక్కే కాదు. గోడకు ఒకవైపే కాగితం అంటిస్తే, తడి కాగితం ఆరుతూ బిగిసి అట్టను తనవైపు లాగుతుంది. రెండువైపులా ఒకే మందం కాగితం అంటించి, పాలిథిన్ వేసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదలండి. తెల్ల రంగులోంచి గోధుమరంగు మరకలు పైకి తేలితే అది లోపలి ఇనుప గుండుసూది. ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, ఇత్తడి తీగ వాడండి. ఫెవిక్విక్ చుట్టూ తెల్లని పొర కమ్మితే ఎక్కువ పోశారని, గాలి ఆడలేదని అర్థం.

ఫెవికాల్ ఆరడం లేదని ముక్కలను పిల్ల వెచ్చదనానికి వాడే హీటింగ్ ప్యాడ్ మీద పెట్టకండి. తడి ఆవిరి పెట్టెలోకి పోతుంది, ప్యాడ్ వేడి కూడా పిల్లకు అందదు. ఫ్యాను కింద ఇంకో రోజు ఆగితే నష్టమేమీ లేదు.

అపోహ: బొమ్మరింట్లోనే గూడు పెడితే ముచ్చటగా ఉంటుంది.

రంగులు, జిగురు, సన్నని సందులు. వద్దు. ఫొటో కోసం కూడా వద్దు. దీపాల వెలుగులో కదలకుండా కూర్చున్న పిల్ల ముచ్చటపడి కూర్చోలేదు, బెదిరి బిగుసుకుపోయింది.

అపోహ: పెంచి పెద్దచేసి పెరటి చెట్టెక్కిస్తే మన బాధ్యత తీరింది.

ఉడత పిల్ల తల్లిపాలు మానడానికి దాదాపు 10 వారాలు పడుతుంది. ఆ వయసులో ఒంటరిగా మనుషుల మధ్య పెరిగింది పిల్లిని చూసి పారిపోదు, కాకిని గుర్తుపట్టదు. పల్లీలు, జీడిపప్పులే పెడితే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడి వెనక కాళ్లు ఈడుస్తుంది. తోటి పిల్లలతో కలిపి పెద్ద జాలీ గదిలో ఉంచి, మెల్లగా బయటికి అలవాటు చేసేవాళ్ల దగ్గరే అది అడవి జీవిగా నిలబడుతుంది. చట్టమూ అదే వైపుంది. వన్యప్రాణి చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలపాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. విశాఖలో అటవీశాఖ కార్యాలయం ఉంది, కంబాలకొండ అభయారణ్యాన్ని ఆనుకుని ఇందిరాగాంధీ జూ పార్కు ఉంది. ముందు ఫోన్ చేసి ఎక్కడికి తేవాలో అడగండి.

ఆటోలో తీసుకెళ్లేటప్పుడు పెట్టెకు గాలి రంధ్రాలు ఉంచి పలుచని గుడ్డ కప్పండి, లోపల నీళ్ల గిన్నె పెట్టొద్దు. పెట్టె మూతకు ఒక చీటీ అంటించండి: దొరికిన తేదీ, వేళ, మొదటి రోజు బరువు, ఈరోజు బరువు, ఏం పట్టారు, చివరిసారి ఎన్నింటికి పట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా దొరికిన వీధి, చెట్టు రాయండి. పెద్దయ్యాక దాన్ని అదే చోట వదలడానికి వాళ్లకు దొరికే ఆధారం అదొక్కటే.