స్పానిష్ క్రియల్లో ఊనిక: అపోహలు - వాస్తవాలు

తెలుగువారికి స్పానిష్ నేర్పుతుంటాను. ధ్వనులు వారికి పెద్ద కష్టం కావు. తడబాటంతా ఊనిక దగ్గరే, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం దగ్గరే. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారదు కాబట్టి, స్పానిష్‌లోనూ అంతే అనుకుంటారు. (ఊనికను దీర్ఘమని పొరబడకుండా ఇక్కడ అన్నీ హ్రస్వాలే రాస్తున్నాను.)

అపోహ: అచ్చు మీద పెట్టే చిన్న గీత అలంకారమే.

వాస్తవం: 'అబ్లొ'లో 'అ'ను నొక్కితే 'నేను మాట్లాడతాను', 'బ్లొ'ను నొక్కితే 'అతను మాట్లాడాడు'. మనిషీ మారాడు, కాలమూ మారింది. మనలాగే వాళ్లూ 'నేను', 'అతను' తరచుగా వదిలేస్తారు. అప్పుడు ఆ భారమంతా ఊనికే మోయాలి. రాతలో 'బ్లొ' మీద గీత తప్పనిసరి. ఒకే అక్షరమున్న 'ఫ్వె' వంటి క్రియలకు మాత్రం 1959లో అమల్లోకి వచ్చిన నియమాలతో గీత పోయింది. పాత పుస్తకాల్లో కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

అపోహ: మాటను అక్షరాలుగా విడదీస్తే ధాతువు, ప్రత్యయాలు బయటపడతాయి.

వాస్తవం: ఆ రెండు విభజనలూ వేరు. 'కంతబమొస్' అంటే 'మేము పాడుతూ ఉండేవాళ్లం'. పలికేటప్పుడు కన్-త-బ-మొస్, వ్యాకరణంలో కంత్-అ-బ-మొస్. 'కంత్' ధాతువు, 'అ' క్రియ ఏ వర్గానిదో చెప్పే అచ్చు, 'బ' గతంలో సాగిన పని, 'మొస్' మేము. ధాతువు చివరి 'త్' నోట్లో పక్క అక్షరానికి వెళ్లిపోతుంది. మన లిపి ఇంకో చిక్కు తెస్తుంది. 'గస్తర్' (ఖర్చు చేయడం) అని రాస్తే కంటికి గ-స్తర్ అనిపిస్తుంది, కానీ స్పానిష్‌లో అది గస్-తర్.

అపోహ: 'ద్వెర్మొ' వంటి రూపాలకు క్రమమే లేదు, బట్టీ పట్టాల్సిందే.

వాస్తవం: పాఠాలన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. 'దొర్మిర్' అంటే నిద్రపోవడం. వర్తమానంలో నేను ద్వెర్మొ, నువ్వు ద్వెర్మెస్, అతను ద్వెర్మె, వాళ్లు ద్వెర్మెన్. కానీ మేము దొర్మిమొస్, స్పెయిన్‌లో మీరు దొర్మిస్. ఊనిక ధాతువు మీద పడినప్పుడు 'ఒ' కాస్తా 'వె'గా విచ్చుకుంటుంది. ప్రత్యయం మీదికి జరిగితే 'ఒ'గానే ఉండిపోతుంది. లాటిన్‌లోని హ్రస్వ 'ఒ' ఊనిక కింద ఇలా చీలింది. అర్జెంటీనా దీనికి చక్కని సాక్ష్యం: అక్కడ 'నువ్వు'కు 'వొస్' వాడతారు, దాని క్రియ 'దొర్మిస్', ఊనిక చివర. అందుకే అక్కడ 'వె' లేదు. 'కొర్రెర్' (పరుగెత్తడం)లో 'ఒ' ఎప్పుడూ మారదు కాబట్టి, ఏ ధాతువుకు ఈ గుణం ఉందో గుర్తుంచుకోవాలి. ఎక్కడ మారుతుందన్నది ఊనికే చెబుతుంది.

అపోహ: ఊనిక చివరి మూడు అక్షరాలను దాటి వెనక్కి వెళ్లదు.

వాస్తవం: ఒంటరి క్రియకు అది నిజమే. సర్వనామాలు అతుక్కుంటే లెక్క మారుతుంది. 'దిస్యెందొ' అంటే 'చెబుతూ'. 'దిస్యెందొమెలొ' అంటే 'దాన్ని నాకు చెబుతూ'. వెనక రెండు అక్షరాలు చేరినా ఊనిక 'స్యెన్'ను వదలదు. తరగతిలో 'స్యెన్' దగ్గర ఒక్క చప్పట కొట్టించి, తరువాతి మూడింటినీ తేలికగా పలకమంటాను.