మీ అమ్మమ్మ చేతిపని

పిల్లలూ,

స్కూలు ప్రాజెక్టులో అమ్మమ్మ గురించి "హౌస్‌వైఫ్, వంట బాగా చేసేది" అని రాశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వంట నిజంగానే బాగా చేసేది, ఆవిడ చేతి చింతచిగురు రొయ్యలు తిన్నవాళ్లకు ఇంకెవరు వండినా నచ్చేది కాదు. కానీ మా ఇంట్లో సంపాదించే మనిషి కూడా ఆవిడే, పైగా గొప్ప కళ ఉన్న మనిషి. ఆవిడ పోయేటప్పటికి మీరు మరీ చిన్నవాళ్లు, అందుకే ఇదంతా నేను చెప్పాలి.

మాది నరసాపురం పక్కన పల్లెటూరు. అక్కడా, పాలకొల్లు, మొగల్తూరు, సీతారాంపురం వైపు కూడా, మధ్యాహ్నం ఏ వీధిలోకి వెళ్లినా అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని కొస వంకీ ఉన్న సన్నని సూదితో తెల్లదారంతో లేసు అల్లుతూ కనిపించేవారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు మన వైపు ఆడవాళ్లకు నేర్పిన పని ఇది, తర్వాత ఊరూరా పాకింది. అల్లిన లేసు ఎక్కువగా విదేశాలకు పోయేది. మా ఇంట్లో అందరం నేల మీద పీటలేసుకుని తినేవాళ్లం, మా అమ్మేమో, అంటే మీ అమ్మమ్మ, ఎవరి భోజనాల టేబుళ్ల కోసమో ఏళ్ల తరబడి గుడ్డలు అల్లింది.

ఏజెంటు వచ్చి దారం ఇచ్చి వెళ్లేవాడు. కొందరు పువ్వులు మాత్రమే అల్లేవారు, కొందరు ఆ పువ్వులన్నీ కలిపి పెద్ద గుడ్డ చేసేవారు, దాన్ని అతుకుపని అంటారు. అమ్మకు రెండూ వచ్చు. పువ్వు ఎలా మొదలవుతుందంటే, ముందు గొలుసులా కొన్ని కుట్లు వేసి చివర్లు కలిపితే చిన్న చుట్టు వస్తుంది, దాని చుట్టూ వరసలు పెంచుకుంటూ పోతే రేకులు వస్తాయి. ఎక్కడైనా ఒక్క కుట్టు తప్పితే అప్పటికప్పుడు తెలియదు, నాలుగు వరసలు పోయాక పువ్వు గిన్నెలా ముడుచుకుంటుంది. అలా అయితే అమ్మ సర్దుబాటు చేసేది కాదు, తప్పు ఉన్న చోటిదాకా మొత్తం విప్పేసి మళ్లీ అల్లేది. కూలి పువ్వుల లెక్కన కాబట్టి విప్పిన పనికి పైసా రాదు, అయినా సరే. తెల్లదారం కదా, చెమట తగిలితే రంగు మారుతుందని ఒళ్లో తువ్వాలు పరుచుకుని, మాటిమాటికీ చేతులు కడుక్కుని కూర్చునేది. మీ అమ్మ ఉయ్యాలలో ఉన్నప్పుడు ఆ తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూనే అల్లిన సంగతి నాకు బాగా గుర్తు.

ఆవిడ ఐదో తరగతితో చదువు ఆపేసింది. కానీ ఎంత కొత్త శాంపిలైనా చేతిలో పెట్టండి, అటూ ఇటూ తిప్పి, గోటితో కుట్లు లెక్కపెట్టి, మర్నాటికి అచ్చం అలాంటిదే అల్లేసేది. తర్వాత్తర్వాత సొంతంగా కూడా మొదలుపెట్టింది. ధనుర్మాసంలో వాకిట్లో వేసే చుక్కల ముగ్గులోంచి తీసుకుని ఎనిమిది రేకుల తామర ఒకటి అల్లింది, అది చూడ్డానికి పక్క వీధివాళ్లు కూడా వచ్చారు. ఏజెంటు ఆ తామర పట్టుకెళ్లి వేరే ఊళ్లలో వందలకొద్దీ అల్లించాడు. అమ్మకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు, ఎవరు అల్లారో ఎవరికీ చెప్పలేదు. "ఇంటిపట్టున ఖాళీ టైములో చేసుకునే పనికి అంత కూలెందుకమ్మా" అనేవాడు. పొద్దున్నే లేచి వంట, గేదె పని, మా స్కూళ్లు అన్నీ అయ్యాక రాత్రి లైటు కింద దాకా సాగే పని అది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతానికే చెందిన ప్రత్యేకమైన పని అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది, ఆ వార్త అమ్మ ఉండగా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

నా ఇంటర్ ఫీజు, మీ అమ్మ డిగ్రీ ఫీజు ఆ సూది మీద నుంచి వచ్చినవే. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు అమ్మ ముందుగా అటక మీద పెట్టింది మా సర్టిఫికెట్లూ, దారం సంచీ.

తర్వాత చూపు మందగించింది. అయినా మీరు పుట్టబోతున్నారని తెలిసిన ప్రతిసారీ అందరికంటే ముందు ఆవిడే రెడీ. సామాను సర్దుకుని హైదరాబాదు వచ్చేసి, స్నానాలు పోయించడం, సాంబ్రాణి వేయడం, రాత్రిళ్లు మిమ్మల్ని ఎత్తుకుని తిరగడం, అంతా తనే. మీ ముగ్గురికీ తలో టోపీ అల్లింది, ఏ రెండూ ఒకలా ఉండవు. పెద్దదానికి తామరే వేసింది, రెండోవాడికి కొబ్బరాకు, చిన్నదానికి చేపలు. కూలి పని కాదు కాబట్టి తీరిగ్గా, ఇష్టంగా అల్లానని నాతో అంది. అవి మీ అమ్మ బీరువాలో పై అరలో ఉంటాయి, చూపించమనండి. ఉతకాల్సి వస్తే గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు నురగ చాలు, పిండకూడదు, నీడలో పరిచి ఆరేయాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు నరసాపురం వెళ్లి సూదులూ దారం కొందాం. గొలుసు కుట్టు దాకా నేను నేర్పుతాను, ఆపైన తామర అల్లడం నాకూ రాదు, కానీ అతుకుపని చేసే పెద్దావిడ ఒకరు మన వీధిలోనే ఉన్నారు, ఆవిడకు వచ్చు. ఇప్పటికే అడిగి పెట్టాను.

మీ పెద్దమ్మ