సిగ్నల్ దగ్గర ఆగిపోయే ఇంజన్

కొత్త కారు కొన్న ఒక పాఠకుడు ఇలా రాశారు: "సిగ్నల్ పడి కారు ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగిపోతోంది. బ్రేకు మీంచి కాలు తీస్తే మళ్లీ స్టార్టవుతోంది. రోజుకు ఇన్నిసార్లు ఆగి స్టార్టయితే ఇంజన్ ఎన్నాళ్లు వస్తుంది? మా మెకానిక్ ఈ స్టార్ట్-స్టాప్ సదుపాయాన్ని బటన్ నొక్కి ఆపేసుకోమంటున్నాడు. షోరూమ్‌లో మాత్రం దాన్ని ముట్టుకోవద్దన్నారు." ఇద్దరూ ఎందుకో చెప్పలేదట. ఆ ఎందుకు వెనకాల 140 ఏళ్ల నాటి ఒక చక్కటి ప్రయోగం ఉంది. అందుకే ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది.

ముందు పెట్రోలు లెక్క చూసేద్దాం. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉంటే గంటకు సుమారు 0.7 లీటరు తాగుతుంది. ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువ. అంటే సెకనుకు 0.2 మిల్లీలీటరు, 60 సెకన్ల సిగ్నల్‌కు 12 మిల్లీలీటర్లు. ఆఫీసుకు వెళ్లి రావడంలో రోజుకు అరగంట సిగ్నళ్ల దగ్గరే గడిచిపోయే హైదరాబాద్ ఉద్యోగికి ఇది 350 మిల్లీలీటర్ల పైమాటే. దాంతోపాటు 800 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. బండి అంగుళం కదలకుండానే ఇంత ఖర్చు. మరి మళ్లీ స్టార్ట్ చేయడానికి ఎంతవుతుంది? ఇంజన్ వేడిగా ఉంటే, కొన్ని సెకన్లు ఆన్‌లో ఉంచినంత. అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు కొలిచి చెప్పిందీ ఇదే: 10 సెకన్లకు మించి ఆగేట్టయితే ఇంజన్ ఆపడమే మేలు.

"స్టార్ట్ చేసినప్పుడే పెట్రోలు ఎక్కువ తాగుతుంది" అనే నమ్మకం అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల నుంచి వస్తోంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న ఆ రోజుల్లో అది నిజమే. చోక్ లాగాలి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కాలి, తొక్కిన ప్రతిసారీ పెట్రోలు చిమ్మేది. ఇప్పుడు ఎంత పెట్రోలు కావాలో కంప్యూటర్ కొలిచి ఇంజెక్టర్‌తో వదులుతుంది. కార్బురేటర్ పోయి పాతికేళ్లు దాటినా, డ్రైవింగ్ నేర్పే గురువు నుంచి శిష్యుడికి ఈ మాట మాత్రం చేరుతూనే ఉంది. ఇలాంటిదే ఇంకోటి, ఇంతకంటే ప్రమాదకరమైనది: ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలేయడం. ఇంజన్ ఆగితే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది, ఎందుకంటే కాలికి సాయం చేసే వాక్యూమ్ అయిపోతుంది. పైగా దీనివల్ల మిగిలేదీ ఏమీ లేదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ ఇంజన్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగే కారు చాలాసేపు పెట్రోలు చుక్క కూడా ముట్టదు. డ్రైవింగ్ స్కూళ్లు మొదటిరోజే చెప్పాల్సిన సంగతి ఇది.

ఇక అరుగుదల సంగతి.

1883లో ఇంగ్లండ్‌లో బోచాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. కింద ఆయిల్ తొట్టిలో మునిగి తిరిగే ఇరుసు, దాని మీద టోపీలా కూర్చున్న ఇత్తడి బేరింగు. ఆయిల్ పోయడానికి వీలుగా ఆ బేరింగు నెత్తిన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆయిల్ లోపలికి పోవడం మాని రంధ్రంలోంచి పైకి ఉబికి వచ్చింది. బిరడా పెట్టాడు, అది ఊడిపోయింది. చెక్క మేకు బిగించాడు, అదీ బయటికొచ్చేసింది. చివరికి ప్రెషర్ గేజీ తగిలిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. ఆ బేరింగు మీద ఆయన మోపిన సగటు బరువు 100 పౌండ్లే! అంటే ఇత్తడి ఇరుసు మీద కూర్చోలేదు, ఆయిల్ మీద తేలుతోంది. మూడేళ్లకు, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ప్రొఫెసర్ దీనికి గణితం రాశాడు. ఈ రోజుకీ ప్రపంచంలో బేరింగు డిజైన్ చేసేవాళ్లందరూ వాడేది ఆ సమీకరణమే.

చెరువు గట్టున నిలబడి పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది కదా, బేరింగు లోపల జరిగేది దానికి చాలా దగ్గరగా ఉంటుంది. పెంకు ఎప్పుడు గెంతుతుంది? ముందు అంచు కొంచెం పైకి లేచి ఉంటే. అప్పుడే దాని కింద నీరు ఇరుకులో పడి పైకి తోస్తుంది. ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు కూడా బేరింగుకు సరిగ్గా నడిమధ్యలో ఉండదు, ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. దాంతో చుట్టూ ఉన్న సందు ఒకవైపు వెడల్పుగా మొదలై రెండోవైపు సన్నబడుతుంది. షాఫ్ట్ తిరుగుతూ ఆయిల్‌ను తనతో ఆ సన్నటి చోటికి ఈడ్చుకెళుతుంది. అక్కడ ఇరుక్కున్న ఆయిల్ షాఫ్టును లోహానికి తగలకుండా ఎత్తి పట్టుకుంటుంది. వేగం తగ్గితే పెంకు మునుగుతుంది, షాఫ్టూ దిగుతుంది. పెంకు బరువెక్కితే ఇంకా గట్టిగా విసరాలి. అలాగే పిస్టన్ మీద మంట ఒత్తిడి పెరిగితే షాఫ్ట్ ఇంకా వేగంగా తిరగాలి, లేదా ఆయిల్ ఇంకా చిక్కగా ఉండాలి. ఈ చిక్కదనం దగ్గరే పోలిక కాస్త విడిపోతుంది. పెంకును పైకి తోసేది నీటి జడత్వం, షాఫ్టును మోసేది ఆయిల్ చిక్కదనం. చిక్కదనాన్ని వేగంతో హెచ్చవేసి బరువుతో భాగిస్తే వచ్చే అంకె బట్టే ఆ బేరింగు తేలుతోందా రాసుకుంటోందా అన్నది తేలిపోతుంది. జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రిబెక్ 1902లో గీసిన గ్రాఫ్ ఈ సంగతే చెబుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. పెంకు కింద నిలువు లోతు నీళ్లుంటాయి. షాఫ్ట్ చుట్టూ మొత్తం ఖాళీయే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించదు. అన్నిటికంటే ఇరుకైన చోట ఆయిల్ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పడిపోతుంది. ఇంజన్ ఆగితే షాఫ్ట్ దిగి లోహాన్ని ఆనుకుంటుంది. మళ్లీ తిరిగినప్పుడు, కింద ఆయిల్ చేరేదాకా ఆ క్షణకాలం లోహం లోహంతో రాసుకుంటుంది. మెకానిక్ భయం ఇదే, ఆ భయానికి అర్థముంది. ఆగేటప్పుడు కూడా ఇదే జరుగుతుందని చాలామందికి తట్టదు. వేగం తగ్గుతూ సున్నాకు చేరే ఆఖరి చుట్టులో షాఫ్ట్ పొర దిగి బేరింగును రాసుకుంటుంది.

అయినా ఇంజన్ ఎందుకు పాడవదంటే, సిగ్నల్ దగ్గర ఆగింది ఒక్క నిమిషమే. అంత సన్నటి సందులోంచి ఆయిల్ పూర్తిగా జారిపోవడానికి ఆ సమయం చాలదు. పొద్దున పూట చల్లటి ఇంజన్ అయితే ఆయిల్ రాత్రంతా కిందికి దిగిపోయి ఉంటుంది, పంపు దాన్ని మళ్లీ పైదాకా తోయాలి. అసలు అరుగుదల ఎక్కువగా అక్కడే. అందుకే ఇంజన్ తగినంత వేడెక్కేదాకా స్టార్ట్-స్టాప్ పనిచేయదు. దీనికితోడు ఆయిల్‌లో జింక్, భాస్వరం, గంధకం కలిసిన ఒక పదార్థం ఉంటుంది. లోహం రాసుకున్న చోట ఆ వేడికే అది గాజులాంటి పొరగా మారి, లోహానికి బదులు తాను అరుగుతుంది. మామూలు కారు తన ఆయుష్షులో 50 వేల సార్లు స్టార్టవుతుందని, ఈ సదుపాయం ఉంటే అది 2.5 లక్షలు దాటవచ్చని డిజైన్ చేసేవాళ్లు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కతోనే చాలా ఇంజన్లలో బేరింగు మీద పాలిమర్ పూత వేస్తున్నారు. ఒకరకం పూతలో ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఉంటాయి. స్టార్టర్ మోటార్ బ్రష్‌లూ, గేర్లూ గట్టివి పెడతారు. జపాన్ కార్ల కంపెనీ మాజ్డా 2009లో తెచ్చిన పద్ధతి వీటన్నిటికంటే ముచ్చటైనది. పిస్టన్లు సరైన చోట ఆగేలా చూసి, మళ్లీ కదలాల్సినప్పుడు ఆగివున్న సిలిండర్లోనే పెట్రోలు చిమ్మి మంట పెడతారు. స్టార్టర్ కాస్త సాయం పడితే చాలు, 0.35 సెకన్లలో ఇంజన్ లేస్తుంది.

కాబట్టి ఇంజన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆయిల్ మాత్రం కంపెనీ చెప్పిన గ్రేడే పోయించి, సమయానికి మార్పించాలి. నిజంగా బెంగ పెట్టుకోవాల్సింది బ్యాటరీ గురించి.

ఇక్కడా అందరూ స్టార్ట్ వైపే చూస్తారు. లెక్క వేసి చూడండి. వేడి ఇంజన్‌ను లేపడానికి స్టార్టర్ 300 ఆంపియర్లు అరసెకను లాగిందనుకుందాం: 150 ఆంపియర్ సెకన్లు. అంతకుముందు ఇంజన్ ఆగివున్న 60 సెకన్లలో బ్లోయర్, లైట్లు, పాటలు, కంప్యూటర్లు కలిసి 30 ఆంపియర్లు తాగితే 1,800. పన్నెండింతలు! బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ తిరగడం లేదు కాబట్టి అదంతా బ్యాటరీ సొమ్మే. కరెంటు ఇచ్చేటప్పుడు సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ సన్నటి పలుకులుగా పేరుకుంటుంది. వెంటనే చార్జ్ అయితే కరిగిపోతుంది. సగం చార్జ్‌లోనే రోజులు గడిస్తే ఆ పలుకులు పెద్దవై గట్టిపడి ఇక కరగవు. ఇంటికీ ఆఫీసుకీ మధ్య నాలుగు కిలోమీటర్లు సిగ్నళ్లలో తిరిగే కారుకు సరిగ్గా ఇదే జరుగుతుంది. అందుకే ఇలాంటి కార్లకు ఏజీఎం, ఈఎఫ్‌బీ రకాల బ్యాటరీలు వస్తాయి. ఏజీఎంలో ఆమ్లం గాజునూలు చాపలో పీల్చుకుని ఉంటుంది, ఈఎఫ్‌బీలో పలకలను బలపరుస్తారు. రెండూ మామూలు దానికంటే ఖరీదే. పెట్రోలులో మిగిలిన డబ్బులో కొంత ఇక్కడ తిరిగి కట్టాల్సిందే.

మన ఎండలు ఇంకో చిక్కు. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్‌ను ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. ఇంజన్ ఆగితే చల్లదనం ఆగుతుంది, బ్లోయర్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం పూట అయితే అర నిమిషం తిరక్కుండానే లోపల వేడెక్కుతుంది, కంప్యూటర్ ఇంజన్‌ను మళ్లీ లేపేస్తుంది. ఒక్కోసారి అసలు ఆపనే ఆపదు. కంప్రెసర్ కరెంటుతో నడిచే హైబ్రిడ్ కార్లకు ఈ బాధ లేదు. యూరప్ చలిదేశాల్లో మిగిలినంత పెట్రోలు మన వేసవిలో మిగలదు.

కంపెనీలు చెప్పే మైలేజీ ల్యాబ్ పరీక్షలో కొలిచింది. యూరప్ పాత మైలేజీ పరీక్ష 1,180 సెకన్లది. అందులో పావు వంతు కాలం బండి నిలబడే ఉంటుంది. మన దేశపు పరీక్ష కూడా ఆ అచ్చులోదే. అలాంటి పరీక్షలో స్టార్ట్-స్టాప్‌కు మంచి మార్కులే పడతాయి. హైవే మీద తిరిగేవారికి ఆ మైలేజీలో ఈ వాటా రాదు. అమెరికాలో అయితే ఇది రాజకీయమే అయింది. ఈ సదుపాయం జనానికి నచ్చడం లేదని, దానికిచ్చే ప్రోత్సాహాన్ని మారుస్తామని అక్కడి పర్యావరణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ 2025 మేలో ప్రకటించారు. నచ్చకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు.

నా సలహా అడిగితే, పొడవాటి సిగ్నళ్లున్న దారిలో దాన్ని ఆన్‌లోనే ఉంచండి. మూడు సెకన్లకోసారి అడుగు కదిలే జామ్‌లోనూ, యూటర్న్ కోసం సందు చూసుకునేటప్పుడూ బటన్ నొక్కి ఆపేయండి. మాన్యువల్ గేరు కారైతే మీ ఎడమ కాలిని కూడా గమనించుకోండి. ఫస్ట్ గేరు వేసి క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా ఉంటే చాలా కార్లలో ఇంజన్ ఎప్పటికీ ఆగదు, క్లచ్ బేరింగు అరుగుదల అదనం. న్యూట్రల్‌కు తెచ్చి క్లచ్ వదలాలి. 2014లో వచ్చిన హీరో స్ప్లెండర్ ఐస్మార్ట్ బైకు నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. న్యూట్రల్‌లో 5 సెకన్లు ఉంటే ఆగేది, క్లచ్ పట్టుకుంటే లేచేది.

వాతావరణం బాగానే ఉన్నా, ఇంజన్ వేడెక్కినా కారు సిగ్నళ్ల దగ్గర ఆగడం మానేసిందంటే బ్యాటరీ నీరసించిందేమో ముందు చూపించండి. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఒకటి వచ్చేపోయే కరెంటునంతా లెక్కపెడుతూ ఉంటుంది, చార్జ్ తగ్గితే మొదట మానేసేది ఈ పనే. మార్చేటప్పుడు చవకని మామూలు బ్యాటరీ వేయించుకోకండి, తొందరగా పోతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు కంప్యూటర్‌కు చెప్పాలి కూడా, లేకపోతే పాతదాని లెక్కలోనే చార్జ్ చేస్తుంది. బయటి నుంచి చార్జ్ పెట్టించినా నల్ల క్లిప్పును నేరుగా నెగటివ్ టెర్మినల్‌కు కాకుండా బాడీ మీదున్న ఎర్త్ బోల్టుకు తగిలించమనండి. టెర్మినల్‌కు పెడితే ఎక్కిన చార్జ్ ఆ సెన్సర్‌ను దాటుకుని పోతుంది, బ్యాటరీ నిండినా ఇంజన్ ఆగదు.