ఒకే శిలువ, ముగ్గురు ఎర్నెస్ట్‌లు: జర్మన్ డ్యూకుల ఆర్డర్ మీద అపోహలు - వాస్తవాలు

పాత పతకాలు, ఆర్డర్లు (రాజులు గౌరవంగా ఇచ్చే బిరుదుల చిహ్నాలు) చేతిలోకి తీసుకుని అవి ఏ రాజ్యానివో, ఎప్పటివో, అసలివో నకిలీవో చూసి రాసిపెట్టడం నా పని. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది, జనం ఎక్కువగా పొరబడేది కూడా ఒకటే: సాక్స్-ఎర్నెస్టైన్ హౌస్ ఆర్డర్. తెల్ల ఎనామెల్ వేసిన ఎనిమిది మొనల శిలువ, ప్రతి మొన మీదా చిన్న బంగారు గుండు, చేతుల సందుల్లో సింహాలు, మధ్యలో ఒక మనిషి తల, దాని చుట్టూ నీలం వలయం, ఆ పైన పచ్చటి ఓక్ ఆకుల దండ. హైదరాబాద్ పాత నగల్లో మీనా పని చూసి ఇష్టపడ్డవాళ్లకి ఈ ఎనామెల్ చూడగానే నచ్చుతుంది.

అపోహ: పాత జర్మన్ పతకమంటే జర్మనీలో పెద్ద రాజ్యమైన ప్రష్యాదే, కాకపోతే హిట్లర్ కాలంది.

కాదు. 1871లో ఏర్పడ్డ జర్మన్ సామ్రాజ్యంలో 22 రాచరిక రాజ్యాలు, 3 స్వతంత్ర నగరాలు ఉండేవి. వాటిలో డ్యూకులు ఏలినవి 5. ఎవరి ఆర్డర్లు వాళ్లవి. బ్రన్స్‌విక్‌కి 1834లో పెట్టిన హెన్రీ ది లయన్ ఆర్డర్, ఆన్‌హాల్ట్‌కి 1836లో పెట్టిన ఆల్బర్ట్ ది బేర్ ఆర్డర్ ఉన్నాయి. మిగిలిన మూడు డచీలూ (డ్యూకుల రాజ్యాలు) కలిసి వాడుకున్నది మనం మాట్లాడుకుంటున్న ఆర్డర్‌నే.

అపోహ: దీన్ని స్థాపించింది కోబర్గ్ డ్యూక్ ఒక్కడే.

ముగ్గురు కలిసి స్థాపించారు, 1833 డిసెంబర్ 25న. ఆల్టెన్‌బర్గ్ డ్యూక్ ఫ్రెడరిక్, కోబర్గ్-గోథా డ్యూక్ ఎర్నెస్ట్, మైనింగెన్ డ్యూక్ రెండో బెర్నార్డ్. 1825లో గోథా-ఆల్టెన్‌బర్గ్ వంశంలో మగ వారసుడు లేకుండా పోయాడు, మరుసటి ఏడాది దాయాదులు ఆ భూములు పంచుకున్నారు, కొందరు ఉన్న ఊళ్లు వదిలి కొత్త రాజధానులకు మారాల్సి వచ్చింది. పంపకాలైన ఏడేళ్లకే వీళ్లంతా ఒక్క ఆర్డర్ పెట్టుకున్నారంటే నాకు అర్థమయ్యేది ఒకటే, భూములు వేరైనా తాము ఒకే తాత బిడ్డలమని లోకానికి చూపించుకోవాలనుకున్నారు. అదీ పూర్తిగా కొత్తది కాదు. గోథా డ్యూక్ మొదటి ఫ్రెడరిక్ 1690లో పెట్టిన ‘జర్మన్ నిజాయితీ ఆర్డర్’కి ఇది కొనసాగింపు అని చెప్పుకున్నారు.

అపోహ: శిలువ మధ్యలో ఉన్న తల దాన్ని స్థాపించిన మొదటి ఎర్నెస్ట్‌ది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఒక జాబితాలో ఇలాగే రాశాను. ఇక్కడ ముగ్గురు ఎర్నెస్ట్‌లున్నారు. ‘ఎర్నెస్టైన్’ అనే వంశం పేరు 1485లో తమ్ముడు ఆల్బర్ట్‌తో సాక్సనీని పంచుకున్న ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకుడు) ఎర్నెస్ట్ నుంచి వచ్చింది. ఆర్డర్ స్థాపించిన ముగ్గురిలో ఉన్నది కోబర్గ్ ఎర్నెస్ట్, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌కి తండ్రి. శిలువ మీద ఉన్నది మాత్రం 17వ శతాబ్దం మనిషి, ‘భక్తుడు’ అని పేరు తెచ్చుకున్న గోథా డ్యూక్ ఎర్నెస్ట్. ఆయన, కోబర్గ్ ఆయన ఇద్దరూ చరిత్రలో ‘మొదటి ఎర్నెస్ట్’లే కావడంతో పొరపాటు పడటం సులువు.

ఈ భక్త ఎర్నెస్ట్ గురించి ఇంకొంచెం చెప్పాలి. పుట్టింది 1601 డిసెంబర్ 25న, అంటే ఆర్డర్ మొదలుపెట్టిన తేదీ క్రిస్మస్సే కాదు, ఆయన పుట్టినరోజు కూడా. ముప్పై ఏళ్ల యుద్ధంలో స్వీడన్ పక్షాన స్వయంగా పోరాడాడు, ఆ యుద్ధం ఊళ్లని ఎలా బూడిద చేసిందో కళ్లారా చూశాడు. తర్వాత గోథాలో కట్టుకున్న కోటకి ఫ్రీడెన్‌స్టైన్ అని, అంటే శాంతి శిల అని పేరు పెట్టి, ద్వారం మీద ‘శాంతి పోషిస్తుంది, కలహం మింగేస్తుంది’ అని చెక్కించాడు. 1642లో ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ బడికి రావాల్సిందేనని నియమం తెచ్చాడు. ఎర్నెస్ట్ రాజ్యంలో రైతులు వేరేచోట దొరల కన్నా చదువుకున్నవాళ్లని అప్పట్లో ఒక నానుడే ఉండేది. యుద్ధాలు గెలిచిన సేనాపతిని కాకుండా బడులు పెట్టిన మనిషిని ఎంచుకుని తమ ఆర్డర్ నడిబొడ్డున నిలిపారు చూడండి, అందుకే ఈ శిలువంటే నాకు ఇంత ఇష్టం. తల చుట్టూ లాటిన్‌లో ఉన్న మాట ‘ఫిడెలిటెర్ ఎట్ కాన్‌స్టాంటెర్’, నమ్మకంగా, నిలకడగా అని.

వైమార్ కూడా ఎర్నెస్టైన్ రాజ్యమే కదా, ఇందులో ఎందుకు లేదని అడుగుతారు. వైమార్ వాళ్లు భక్త ఎర్నెస్ట్ సంతానం కాదు, ఆయన అన్న విల్హెల్మ్ వైపు వాళ్లు. వాళ్లకి 1732 నుంచే వైట్ ఫాల్కన్ ఆర్డర్ ఉంది.

అపోహ: వెనక 1833 అని ఉంటే అది ఇచ్చిన సంవత్సరం.

ఒకాయన ఫోటో పంపి, మా పూర్వీకుడికి 1833లోనే వచ్చిందండీ అని ఎంతో సంబరంగా చెప్పారు. అది స్థాపించిన తేదీ, 1910లో ఇచ్చిన శిలువ వెనకా అదే ఉంటుంది. వెనక మధ్యలో సాక్సనీ చిహ్నం, నలుపు పసుపు పట్టీల మీద ఏటవాలుగా పచ్చటి ఆకుల తోరణం.

శిలువని చూసి అది ఏ డచీ ఇచ్చిందో చెప్పమంటారు, అదీ కష్టమే. మూడు డచీల శిలువల మీదా ఉండేది అదే తల. ఆర్డర్‌కి అనుబంధంగా ఇచ్చిన పతకాల మీద మాత్రం అప్పుడు ఏలుతున్న డ్యూక్ బొమ్మ ఉంటుంది కాబట్టి అవి ఏ డచీవో తేలిగ్గా తెలిసిపోతుంది. శిలువకైతే దాంతో పాటు వచ్చిన పత్రం కావాలి, ఆ కాగితం పారేయకండి అని నేను అందరినీ బతిమాలేది ఇందుకే.

అపోహ: ఇది యుద్ధ వీరులకిచ్చే పతకం.

అధికారులకి, పండితులకి, కళాకారులకి కూడా ఇచ్చారు. గ్రాండ్ క్రాస్, రెండు అంతస్తుల కమాండర్, నైట్ అని తరగతులుండేవి, నైట్‌ని తర్వాత రెండు చేశారు. సైనిక సేవకి ఇచ్చిన దానికి అడ్డంగా రెండు కత్తులుంటాయి. కత్తులున్నవాటికి ధర ఎక్కువ పలుకుతుంది గనుక మామూలు శిలువకి తర్వాత కత్తులు అతికించేవాళ్లూ ఉన్నారు, అతుకు దగ్గర భూతద్దం పెట్టి చూడందే కొనొద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో బంగారం కరువై వెండి మీద బంగారు పూత వేశారు, కాబట్టి పూత కనబడగానే నకిలీ అనుకోకండి. ఆ యుద్ధానికని మైనింగెన్ 1915లో, కోబర్గ్ 1916లో వేరే శిలువలే పెట్టాయి.

మనకి దీంతో సంబంధం ఉందా అంటే, నేరుగా లేదు. కోబర్గ్ ఎర్నెస్ట్ కొడుకు ఆల్బర్ట్, 1861లో బ్రిటిష్ వాళ్లు స్టార్ ఆఫ్ ఇండియా ఆర్డర్ పెట్టినప్పుడు దాని రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. దాన్ని మొదటి విడతలోనే అందుకున్నవాళ్లలో హైదరాబాద్ నిజాం అఫ్జలుద్దౌలా ఒకరు.

ఇక చివరిది, ‘ఇంత పాతవి, ఇంట్లో తరతరాలుగా ఉండాలి కదా’ అనేది. జర్మన్ రాజ్యాల్లో చాలా ఆర్డర్లని గ్రహీత పోయాక కుటుంబం తిరిగి ఇచ్చేయాలి. అలా వచ్చినవాటిని బాగుచేసి మళ్లీ ఇంకొకరికి ఇచ్చేవాళ్లు, అందుకే పాత శిలువ మీద కొత్త ఎనామెల్ కనిపించినా అనుమానించాల్సిన పని లేదు. 1918 నవంబర్‌లో ముగ్గురు డ్యూకులూ గద్దె దిగారు, దాంతో రాజ్యం ఇచ్చే ఆర్డర్‌గా దీని కథ అయిపోయింది. 1920లో ఆ భూములు చాలావరకు థురింజియాలో కలిశాయి, కోబర్గ్ ఒక్కటే బవేరియాలో చేరింది. ఇళ్లలో మిగిలినవి ఎక్కువగా ఆ చివరి ఏళ్లలో ఇచ్చినవే, ఎందుకంటే అవి తీసుకున్నవాళ్లు పోయేసరికి తిరిగి ఇచ్చుకోవడానికి డ్యూకులు లేరు.