నీతిశాస్త్రం క్లాసులో నీతులు చెప్పరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు నీతిశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ వస్తుంది, పాత అపోహలే మోసుకొస్తుంది. అడ్మిషన్ రోజున తల్లిదండ్రులు అడిగేవీ దాదాపు అవే.

అపోహ: ఇది స్కూల్లో మోరల్ సైన్స్ పీరియడ్ లాంటిదే, కాస్త పెద్దది.

స్కూల్లో "అబద్ధం ఆడరాదు" అని బోర్డు మీద రాస్తే నోట్సులో ఎక్కించుకున్నాం, అయిపోయింది. ఇక్కడ అదే వాక్యం రాసి ఎందుకు ఆడకూడదో చెప్పమంటాం. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు పోతన పద్యం అందుకుంటారు. బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పింది, "బొంకవచ్చు నఘము పొంద దధిప". ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణమో ధనమో మానమో పోయేటప్పుడు, బెదిరిన గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడేటప్పుడు అబద్ధమాడితే పాపం లేదట. క్లాసంతా నవ్వు. అప్పుడు అడుగుతాను: ప్రాణం కాపాడే అబద్ధాన్నీ సంబంధం కుదర్చడానికి ఆడే అబద్ధాన్నీ ఒకే కారణంతో సమర్థించగలరా? లేకపోతే ఈ రెండూ ఒకే జాబితాలో ఎలా చేరాయి? ఇక మిగిలిన గంటంతా దానికే సరిపోతుంది. పైగా బలి ఆ సలహా వినలేదు. ఎందుకు వినలేదన్నది మర్నాటి పాఠం.

అపోహ: ఎవరి అభిప్రాయం వాళ్లది కాబట్టి, ఏం రాసినా మార్కులు పడతాయి.

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో ప్రచురించిన పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. మన మాటల్లో అది చేబదులు. తీర్చలేనని తెలిసి కూడా "ఒకటో తారీఖుకి ఇచ్చేస్తా" అని డబ్బు తీసుకోవచ్చా? ఇదెందుకు తప్పో కాంట్ పక్షాన రాయమని అసైన్‌మెంట్ ఇస్తే, చాలా కాగితాల్లో కనిపించేది ఇది: "అందరూ ఇలాగే చేస్తే సమాజం పాడైపోతుంది. ఎవరికీ అప్పు పుట్టదు. పేదవాళ్లు ఇబ్బంది పడతారు."

చదవడానికి బాగానే ఉంటుంది. పక్కన ఎర్ర పెన్నుతో "ఇది మిల్ మాట" అని రాస్తాను. ఎందుకంటే, ఫలితాన్ని బట్టే మంచిచెడ్డలు తేల్చే ఇంగ్లిష్ తత్వవేత్త మిల్ లాగే, ఫలితం చెడ్డది కాబట్టి పని తప్పు అంటున్నారు. కాంట్ పట్టుకున్నది వేరే చోట. తీర్చలేనని తెలిసీ మాట ఇవ్వడం అందరికీ నియమమైపోతే, "ఇచ్చేస్తా" అన్న మాటను నమ్మేవాడు ఉండడు. నమ్మేవాడు లేకపోతే మాట ఇవ్వడమన్న పనే ఉండదు. అదే లేనప్పుడు నేను వేసిన ఎత్తు పారేదెలా? లోకానికి ఎంత నష్టం అన్న లెక్క ఇందులో ఎక్కడా లేదు. నా పథకం తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కుంటోంది, అంతే. ఈ తేడా పట్టుకున్నవాళ్లకు మార్కులు పడతాయి. కాంట్‌తో ఏకీభవిస్తున్నారా లేదా అన్నది నాకు అనవసరం. ఏకీభవించకుండా కారణం రాస్తే ఇంకా సంతోషం.

మన శాస్త్రాల్లో పూర్వపక్షం అని మంచి అలవాటు ఉంది: ముందు ఎదుటివాడి వాదం చెప్పి, తర్వాత ఖండించడం. వ్యాసంలో అది లేకపోతే ఎంత ఆవేశంగా రాసినా నా దగ్గర పాస్ మార్కులకు కాస్త అటూ ఇటూగానే వస్తాయి. "ప్రాచీన కాలం నుంచి మానవుడు..." అని మొదలుపెడితే మొదటి పేరా దాటేసి రెండోది చదువుతాను. ఇది నా ఒక్కడి జబ్బు కావచ్చు.

అపోహ: ప్రయోజనవాదం అంటే స్వార్థం.

ఈ తప్పులో సగం ఆ పేరుదే. ప్రయోజనం అనగానే మనకు "నాకేంటి ప్రయోజనం?" గుర్తొస్తుంది. ఎక్కువమందికి ఎక్కువ సుఖం ఇచ్చేదే సరైన పని అన్నది ఈ వాదం. దాన్ని చెప్పిన బెంథామ్, మిల్‌ల లెక్కలో నా సుఖానికీ ముక్కూమొహం తెలియనివాడి సుఖానికీ ఒకే తూకం. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలి చూసి పీటర్ సింగర్ అనే తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. కుంటలో పిల్లాడు మునిగిపోతుంటే బట్టలు పాడవుతాయని ఆగం కదా, మరి దూరదేశంలో చనిపోయేవాళ్ల విషయంలో ఎందుకు ఆగుతున్నాం అని అందులో ప్రశ్న. అది చదివాక స్వార్థమని ఎవరూ అనరు. "మరీ ఇంత త్యాగమా సార్!" అంటారు. అభ్యంతరం చెప్పాల్సింది ఆ వైపు నుంచే.

అపోహ: ట్రాలీ ప్రశ్నకు సరైన సమాధానం తెలిస్తే చాలు.

అదుపు తప్పిన ట్రామ్ బండిని పక్క పట్టాల మీదికి తిప్పి అక్కడున్న ఒకణ్ని చంపాలా, తిప్పకుండా ఎదురుగా ఉన్న అయిదుగురిని చావనివ్వాలా అని రీల్స్‌లో చూసి వస్తారు. బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో గర్భస్రావం మీద రాసిన వ్యాసంలోది ఇది. ఆమె ట్రామ్ డ్రైవర్ని ఒంటరిగా వదల్లేదు, పక్కన ఒక జడ్జిని నిలబెట్టింది. నేరస్థుడు దొరకలేదని గుంపు రక్తపాతానికి దిగబోతోంది. ఒక అమాయకుడికి శిక్ష వేస్తే ఆగుతుంది. అక్కడా ఒకడు పోయి చాలామంది బతుకుతారు. డ్రైవర్ బండి తిప్పడానికి సరే అన్న మనం జడ్జి దగ్గర ఎందుకు వెనక్కి తగ్గుతాం? ఆమె ప్రశ్న ఈ రెండు సంఘటనల మధ్య ఉంది. ఒక్కదాన్నే తీసుకుని చేతులెత్తించి ఓట్లు లెక్కపెడితే ఏమీ తేలదు. బండిని ఆపడానికి వంతెన మీంచి తోసేయాల్సిన లావుపాటి మనిషి తర్వాత జూడిత్ జార్విస్ థామ్సన్ అనే తత్వవేత్త తెచ్చినవాడు.

అపోహ: ఇదంతా పడమటి చదువు. లేదా, గీతలో ఉన్నదే కాంట్ చెప్పాడు.

రెండూ తొందరపాటే. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అన్నా అబద్ధమాడకూడదని కాంట్ 1797లో వాదించాడు. కర్ణపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు చేసింది సరిగ్గా అదే. దొంగలకు భయపడి అడవిలోకి పారిపోయినవాళ్ల జాడ అడిగితే, సత్యవ్రతం కదా అని చెప్పేశాడు. దొంగలు వాళ్లను చంపేశారు, కౌశికుడు నరకానికి పోయాడు. గాండీవాన్ని నిందించిన ధర్మరాజు మీదికి ప్రతిజ్ఞ కోసం కత్తి దూసిన అర్జునుణ్ని ఆపడానికి కృష్ణుడు చెప్పిన కథ ఇది. ఈ రెంటినీ ఒకే వారం చదివిస్తే క్లాసు రెండుగా చీలుతుంది. గీత విషయానికొస్తే, ఫలాపేక్ష వద్దన్నంత వరకు పోలిక సరే. అయితే అక్కడ స్వధర్మం మనిషిని బట్టి మారుతుంది, కాంట్ నియమం ఎవరికీ మారదు. అంత పెద్ద తేడాను "ఇద్దరూ ఒకటే" అని ఒక్క వాక్యంలో తుడిచేయడం నాకు నచ్చదు.

అపోహ: ఈ కోర్సు చేస్తే సివిల్స్ ఎథిక్స్ పేపర్ అయిపోయినట్టే.

2013 నుంచి ఉన్న ఆ జీఎస్-4 (జనరల్ స్టడీస్ నాలుగో) పేపర్‌కి 250 మార్కులు. పేర్లు, భావనలు పనికొస్తాయి. కేస్ స్టడీకి నిమిషాల్లో జవాబు రాయడం మేం నేర్పం, దానికి విడిగా ప్రాక్టీసు చేయాల్సిందే.

అపోహ: ఇది చదివితే మంచివాళ్లవుతారు.

అడ్మిషన్ రోజున ఒక తండ్రి "మావాడు మాట వినడు సార్, మీ సబ్జెక్టులో వేయండి" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. అమెరికాలో ఎరిక్ ష్విట్జ్‌గెబెల్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు పేరున్న యూనివర్సిటీ లైబ్రరీల రికార్డులు చూసి, మిగతా తత్వశాస్త్ర పుస్తకాల కంటే నీతిశాస్త్రం పుస్తకాలే ఎక్కువ గల్లంతవుతున్నాయని 2009లో ప్రచురించాడు. మా డిపార్ట్‌మెంట్ బీరువాలోంచి అరిస్టాటిల్ నీతిశాస్త్రం కాపీ ఒకటి పోయి మూడేళ్లయింది. ఆ బీరువా తాళం విద్యార్థులకు ఇవ్వం.