విదేశీ రేడియోలో పాప్ పాటల వేట: అపోహలు - వాస్తవాలు

అపోహ: దూరపు స్టేషన్ పట్టాలంటే ఖరీదైన సెట్టు ఉండాలి.

సెట్టు కంటే ముందు ఇంట్లో రొద తగ్గాలి. షార్ట్‌వేవ్‌లో (చాలా దూరం నుంచి వచ్చే స్టేషన్ల బ్యాండు) వినిపించే బరబర చాలావరకు మన ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ల పుణ్యమే. రేడియోను సెల్స్ మీద నడిపి, ఒక్క నిమిషం మెయిన్‌నూ ఇన్వర్టర్‌నూ ఆపి చూడండి. రొద తగ్గితే ఒక్కో స్విచ్చే వేసుకుంటూ వెళ్లండి, దొంగ దొరుకుతుంది. ఆ తర్వాతే యాంటెన్నా సంగతి. 5 నుంచి 10 మీటర్ల ఇన్సులేటెడ్ రాగి తీగను క్లిప్పుతో ఏరియల్‌కు తగిలిస్తే చాలు. అంతకు మించితే చిన్న సెట్లు తట్టుకోలేవు, బలమైన స్టేషన్ ఒక్కటే డయల్ మీద రెండు మూడు చోట్ల మోగుతుంది. ఉరుములప్పుడు తీగ విప్పేయాలి.

అపోహ: ఏరియల్ పూర్తిగా లాగితే మీడియం వేవ్ బాగా వస్తుంది.

చాలా పోర్టబుల్ సెట్లలో మీడియం వేవ్‌ను అందుకునేది లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ. కాబట్టి సెట్టునే మెల్లగా తిప్పాలి. డిజిటల్ సెట్టయితే స్టెప్ (ఒక్కో నొక్కుకు ఫ్రీక్వెన్సీ ఎంత జరుగుతుందో అది) 9 కిలోహెర్ట్జ్‌లో ఉందో లేదో చూసుకోండి. 10లో ఉంటే ఆసియా స్టేషన్లు చాలావరకు సూటిగా తగలవు.

అపోహ: పాట లేస్తూ పడుతూ ఉంటే సెట్టు పాడైనట్టే.

కాదు. రాత్రిపూట దూరపు సిగ్నల్ అయనోస్ఫియర్ (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) మీద పడి తిరిగొస్తుంది. వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కాసేపు కలిసి బలపడతాయి, కాసేపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1950లు, 60లలో బ్రిటన్ కుర్రకారు 208 మీటర్ల మీడియం వేవ్ మీద లక్సెంబర్గ్ దేశం నుంచి వచ్చే రేడియో లక్సెంబర్గ్ విన్నది ఈ హెచ్చుతగ్గులతోనే.

అపోహ: ఏ దేశం స్టేషనైనా అవే ఇంగ్లిషు హిట్లు.

ఫ్రాన్స్‌లో 1996 నుంచి పాప్ స్టేషన్లకు కోటా ఉంది. ఎక్కువ మంది వినే వేళల్లో 40 శాతం ఫ్రెంచి పాటలే వేయాలి, అందులో సగం కొత్తవాళ్లవో కొత్త విడుదలలో కావాలి. స్టేషన్లు తక్కువ తిన్నాయా, అవే పది పాటలను తిప్పితిప్పి వేసి కోటా నింపేశాయి. 2016లో చట్టం మార్చి దానికీ కళ్లెం వేశారు. అయినా పగటిపూట హిట్ స్టేషన్లలో అవే పాటలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. కొత్తవి కావాలంటే సాయంత్రం తర్వాత వచ్చే ప్రత్యేక కార్యక్రమాలు నెట్‌లో వినాలి. పారిస్‌లో రాత్రి 9 అంటే వేసవిలో మనకు 12:30, చలికాలంలో 1:30. ఫ్రాన్స్‌లో గడియారాలను గంట ముందుకీ వెనక్కీ మార్చేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. నిద్ర పాడవకూడదంటే అమెరికాలోని సియాటిల్ నగరపు రేడియో స్టేషన్ కెఈఎక్స్‌పీ నయం. అక్కడి ఉదయం 7 మనకు వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30.

అపోహ: నెట్ రేడియో డేటా మింగేస్తుంది.

128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) స్ట్రీమ్‌కు గంటకు సుమారు 58 ఎంబీ. వీడియోతో పోలిస్తే ఇదేపాటి.

అపోహ: పాట విని పేరు చెప్పే షాజామ్ యాప్ ఉంటే ఏ పాటైనా తెలిసిపోతుంది.

తన దగ్గరున్న రికార్డింగే మోగితే గుర్తుపడుతుంది. స్టూడియోలో లైవ్‌గా పాడిన పాటను తరచూ పట్టుకోలేదు. షార్ట్‌వేవ్‌లో ఇంకో చిక్కుంది. రొద తగ్గుతుందని కొందరు ఎస్ఎస్‌బీ మోడ్‌లో (సిగ్నల్‌లో ఒక పక్కనే తీసుకునే పద్ధతి) వింటారు. అప్పుడు ట్యూనింగ్ 40 హెర్ట్జ్ పక్కకు జరిగితే పాటలో ప్రతి స్వరమూ 40 హెర్ట్జ్ జరుగుతుంది. మన చెవికి కాస్త తేడాగా ఉంటుందంతే, షాజామ్‌కు మాత్రం అది వేరే పాట. మామూలు ఏఎమ్ మోడ్‌కు మార్చి మళ్లీ వినిపించండి.

అప్పటికీ దొరక్కపోతే కాగితమే దిక్కు. యూటీసీ సమయం (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయాలి), ఫ్రీక్వెన్సీ, పల్లవిలో చెవిన పడ్డ నాలుగు మాటలు విన్నది విన్నట్టే తెలుగు అక్షరాల్లో రాసుకోండి. పాట పేరు ఎక్కువసార్లు ఆ పల్లవిలోనే ఉంటుంది. రికార్డు చేస్తుంటే పాట అయిపోగానే ఆపకండి. చాలామంది అనౌన్సర్లు రెండు మూడు పాటలయ్యాక పేర్లన్నీ ఒకేసారి చెబుతారు. ఫ్రాన్స్‌లోని ఫిప్, కెఈఎక్స్‌పీ లాంటి స్టేషన్లు వేసిన పాటల పట్టికను సమయంతో సహా వెబ్‌సైట్లో పెడతాయి. కానీ స్ట్రీమ్ అర నిమిషమో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా వస్తుంది కాబట్టి, మీరు రాసుకున్న టైముకు పట్టికలో అప్పటికే తర్వాతి పాట ఉండొచ్చు. దానికి ముందున్న పేరు కూడా విని చూడండి.