డ్రాప్‌జోన్ సాఫ్ట్‌వేర్ అమ్మకం, ధర: అపోహలు - వాస్తవాలు

విమానంలోంచి పారాచ్యూట్‌తో దూకించే చిన్న చిన్న స్కైడైవింగ్ కేంద్రాలకి, అంటే డ్రాప్‌జోన్లకి, సాఫ్ట్‌వేర్ చేసి అమ్మడం మా పని. ఆఫీసు వైజాగ్ మధురవాడలో, కస్టమర్లు ఎక్కువగా అమెరికాలో. మన ఊళ్లోని ఎయిర్‌పోర్టు నేవీ వారి ఐఎన్‌ఎస్ డేగాలో భాగం కాబట్టి దాని మీద పారాచ్యూట్లు దిగే ప్రశ్నే లేదు. దాంతో ఊళ్లో ఎవరికి చెప్పినా ముందు ఆశ్చర్యపోతారు, ఆ తర్వాత సలహాలు ఇస్తారు. సొంతంగా ఏదైనా ప్రోడక్ట్ మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్లు కూడా తరచూ వచ్చి అడుగుతుంటారు. వాళ్ల నోట మళ్లీ మళ్లీ వినే మాటల మీద నాకున్న అభిప్రాయాలు ఇవి.

అపోహ: కస్టమర్లు వందల్లో ఉండే మార్కెట్‌లో వ్యాపారం గిట్టుబాటు కాదు.

అమెరికా స్కైడైవర్ల సంఘం యూఎస్‌పీఏలో సభ్యత్వం ఉన్న డ్రాప్‌జోన్లు 200 పైచిలుకు. పెట్టుబడి పెట్టే కంపెనీకి ఈ అంకె ఏ మూలకీ రాదు. నలుగురున్న టీమ్‌కి మాత్రం సరిపోతుంది. నెలకి 150 డాలర్లు కట్టే కేంద్రాలు 40 ఉన్నాయనుకుందాం. నెలకి 6,000 డాలర్లు. మధురవాడ అద్దెలతో, ఇక్కడి జీతాలతో ఆ లెక్క వేసుకుంటే ఇల్లు గడవడమే కాదు, ఇంకొకరిని పనిలో పెట్టుకోవచ్చు కూడా. పైగా ఇంత చిన్నచోటికి పెద్ద కంపెనీ డబ్బు కుమ్మరించుకుంటూ రాదు.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకోచోట. ఈ లోకంలో అందరికీ అందరూ తెలుసు. ఇన్‌స్ట్రక్టర్లు, పైలట్లు సీజన్‌ని బట్టి ఒక డ్రాప్‌జోన్ నుంచి ఇంకో డ్రాప్‌జోన్‌కి పనికి వెళ్తుంటారు. ఒకరికి తక్కువకి, ఇంకొకరికి ఎక్కువకి ఇచ్చామంటే ఆ సంగతి మనకంటే ముందే పక్క రాష్ట్రం చేరుతుంది. అందుకే మా ధర వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా ఉంటుంది, బేరాలు ఉండవు.

అపోహ: ఆన్‌లైన్ బుకింగ్ పేజీ ఉంటే చాలు, మిగతావన్నీ హంగులే.

ఇలా అనేవాళ్లు ఎవరైనా ఒక శనివారం పొద్దున మ్యానిఫెస్ట్ బల్ల దగ్గర నిలబడి చూడాలి. ఎవరు ఏ లోడ్‌లో (విమానం ఒకసారి తీసుకెళ్లే జట్టుని లోడ్ అంటారు), ఏ విమానంలో, ఎవరితో కలిసి ఎక్కుతారో రాసుకునే చోటు అది. చిన్న డ్రాప్‌జోన్‌లో ఉండేది చాలావరకు సెస్నా 182. పైలట్ కాక నలుగురు పడతారు. ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని దూకేది టాండెం జంప్ కాబట్టి ఇద్దరు కస్టమర్లకి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు, అంతటితో విమానం నిండిపోయింది. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు వీడియో కావాలన్నారు. కెమెరా పట్టుకుని దూకే మనిషికి ఒక సీటు కావాలి. ఇంకో టాండెం జోడీకి మిగిలింది ఒక్క సీటే, అది చాలదు. వచ్చినవాళ్లు అక్కాచెల్లెళ్లు, ఇద్దరం ఒకే విమానంలో వెళ్తామంటారు. ఈలోగా వెనక నిలబడ్డాయన బుకింగ్‌లో రాసిన బరువు ఒకటి, కాటా మీద తేలింది ఇంకోటి. ఆయన్ని తీసుకెళ్లగల ఇన్‌స్ట్రక్టర్ అప్పటికే పైన ఉన్నాడు. ఇంతలో గాలి లేచింది. ఒంటరిగా దూకే విద్యార్థులకి నేల దగ్గర గాలి గంటకి 14 మైళ్లు దాటకూడదని యూఎస్‌పీఏ నియమం, కాబట్టి వాళ్లంతా ఆగాలి. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఒక్క పేరు కదిపితే వెనకున్న మూడు లోడ్లూ కదులుతాయి.

కథ అక్కడితో అయిపోదు. ఇన్‌స్ట్రక్టర్లకి జంప్‌కి ఇంతని, పారాచ్యూట్ మడతపెట్టే ప్యాకర్లకి ప్యాక్‌కి ఇంతని లెక్క. పొద్దున్న జరిగిన ప్రతి మార్పూ సరిగ్గా నమోదు కాకపోతే సాయంత్రం పేమెంట్ల దగ్గర తగువు. ఒంట్లో ఓపికంతా అయిపోయాక, చీకటి పడ్డాక, కాగితాలు ముందేసుకుని ఎవరెన్నిసార్లు ఎక్కారో గుర్తు చేసుకునే ఆ గంట యజమానికి నరకం. డబ్బు కట్టేది ఆ గంట తప్పడానికి. బుకింగ్ పేజీలు చేసిచ్చేవాళ్లు వీధికొకరు దొరుకుతారు.

అపోహ: ముందు ఫ్రీగా ఇచ్చి అలవాటు చేయాలి, ధర తర్వాత చూసుకోవచ్చు.

"అన్నా, ఫ్రీగా ఇస్తే ఎవరైనా తీసుకుంటారు కదా?" అని అడుగుతారు మన కుర్రాళ్లు. తీసుకుంటారు తమ్ముడూ, వాడరు. డ్రాప్‌జోన్ యజమాని తన కస్టమర్ల పేర్లు, ప్రమాదం జరిగితే బాధ్యత తమదేనని వాళ్లు సంతకం పెట్టిన హామీపత్రాలు, మొత్తం వారాంతపు రాబడి మన చేతిలో పెడుతున్నాడు. ఊరికే ఇస్తున్నామంటే ఆయనకి వచ్చే మొదటి అనుమానం, సీజన్ మధ్యలో వీళ్లు చేతులెత్తేస్తే నా గతేమిటని. ఆ అనుమానం న్యాయమైనదే. ప్రయత్నించి చూడ్డానికి గడువు ఇవ్వండి, తప్పులేదు. ధర మాత్రం మొదటి రోజే చెప్పండి.

ఎంత పెట్టాలనే దగ్గర యజమాని కళ్లతో చూడాలి. అమెరికాలో టాండెం జంప్ చాలాచోట్ల 200 నుంచి 300 డాలర్లు. నెల మొత్తం సాఫ్ట్‌వేర్ ఖర్చు ఒక్క టాండెం కంటే తక్కువే ఉందంటే ఆయన రెండోసారి ఆలోచించడు. చెప్పకుండా మానేసిన ఒక్క కస్టమర్ వల్ల సెస్నాలో సగం సీట్లు ఖాళీగా ఎగురుతాయి, ఇంధనం ఖర్చు మాత్రం తగ్గదు. ముందురోజు వెళ్లే గుర్తుచేసే మెసేజ్, తీసుకున్న అడ్వాన్సు కలిసి నెలలో అలాంటి సీటు ఒక్కటి కాపాడినా మన బిల్లు వచ్చేసినట్టే.

ఇక దేని మీద లెక్కకట్టాలి? అన్నిటికంటే ఎక్కువ మంది బోల్తాపడే చోటు ఇదే కాబట్టి వివరంగా చెప్తాను.

లాగిన్‌కి ఇంతని పెట్టడం సాఫ్ట్‌వేర్ లోకంలో మామూలే. ఇక్కడ అది పనికిరాదు. వారాంతాల్లోనే వచ్చేవాళ్లు, సీజన్‌కి మాత్రమే పనిచేసేవాళ్లు డ్రాప్‌జోన్‌లో ఎక్కువ. తలకింతని అడిగితే అందరూ ఒకే లాగిన్ పంచుకుంటారు. అప్పుడు విద్యార్థిని ఒక లోడ్ నుంచి ఇంకో లోడ్‌కి మార్చింది ఎవరో తేల్చలేం. ఏదైనా ప్రమాదం జరిగితే ముందు అడిగే ప్రశ్న అదే.

రాబడిలో శాతం అడగడం ఇంకో పద్ధతి. కార్డు పేమెంట్లకి స్ట్రైప్ లాంటి సంస్థలు అమెరికాలో 2.9 శాతం, పైన 30 సెంట్లు ఇప్పటికే కోస్తున్నాయి. దాని మీద మనం కూడా శాతం అంటే నెలనెలా ఆ యజమాని స్టేట్‌మెంట్ చూసుకున్నప్పుడల్లా మనం గుచ్చుకుంటాం. జంప్‌కి ఇంతని పెడితే చలికాలం మూతపడే ఉత్తరాది డ్రాప్‌జోన్లకి బాగానే ఉంటుంది. కానీ లైసెన్సు ఉండి సొంత పారాచ్యూట్‌తో దూకేవాళ్ల టికెట్ 30 డాలర్ల చుట్టుపక్కలే. దాని మీదా టాండెం మీదా ఒకే రుసుము వేస్తే అన్యాయం, వాళ్లు ఊరుకోరు కూడా.

నా మటుకు నాకు విమానాన్ని బట్టి ధర పెట్టడమే సరైనదనిపిస్తుంది. ఒక్క సెస్నా 182తో నడిచే చోటుకి ఒక ధర, క్యారవాన్, ట్విన్ ఆటర్ లాంటి పెద్ద టర్బైన్ విమానాలు ఉన్నచోటుకి ఇంకో ధర. యజమానులు తమ వ్యాపారాన్ని కొలుచుకునేది కూడా అలాగే. మూసి ఉంచే నెలల్లో డేటా భద్రంగా ఉంచడానికి నామమాత్రపు రుసుము తీసుకోండి. పూర్తి డబ్బు లాగితే మార్చిలో తిరిగి రారు.

అపోహ: భద్రతకి సంబంధించిన ఫీచర్లని ఖరీదైన ప్యాకేజీలో పెట్టుకోవచ్చు.

పెట్టకూడదు. అమెరికాలో రిజర్వ్ పారాచ్యూట్‌ని, అంటే మొదటిది పనిచేయకపోతే తెరిచేదాన్ని, 180 రోజులకోసారి అర్హత ఉన్న రిగ్గర్ విప్పి, పరీక్షించి, మళ్లీ మడతపెట్టాలి. ఫలానా ఎత్తుకి వచ్చేసరికి కూడా జంపర్ ఇంకా వేగంగా పడిపోతూనే ఉంటే రిజర్వ్‌ని దానంతటదే తెరిపించే పరికరం ఉంటుంది, దానికీ సర్వీసు గడువులు ఉంటాయి. గడువు దాటిన పారాచ్యూట్‌ని లోడ్‌లో పెడుతుంటే ఎర్ర హెచ్చరిక రావడం అన్నిటికంటే చౌక ప్యాకేజీలో కూడా ఉండాలి. డబ్బు తక్కువ కట్టాడని ఆ హెచ్చరిక దాచే వ్యాపారం నేను చేయను, మీరూ చేయకండి. రిపోర్టులకి, ఎస్సెమ్మెస్‌లకి, రెండో విమానానికి ఎక్కువ తీసుకోండి, ఎవరూ కాదనరు.

అలాగని సాఫ్ట్‌వేరే భద్రత చూసుకుంటుందని ప్రచారం చేసుకోవడం కూడా తప్పే. హెచ్చరించడం వరకే మన పని. నిర్ణయం రిగ్గర్‌ది, ఇన్‌స్ట్రక్టర్‌ది, పైలట్‌ది. ఒప్పందంలో ఆ ముక్క స్పష్టంగా ఉండాలి. గడువులు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి 180 అనే అంకెని కోడ్‌లో గట్టిగా బిగించేయకండి.

అపోహ: ప్రోడక్ట్ సిద్ధమైన రోజే లాంచ్ చేయాలి.

సీజన్ మధ్యలో, జూన్ నెలలో, సాఫ్ట్‌వేర్ మార్చుకునే డ్రాప్‌జోన్ ఉండదు. ఉత్తరాది వాళ్లతో మాట్లాడాల్సింది డిసెంబరు, జనవరి నెలల్లో. పాత ఎక్సెల్ షీట్లలోని పేర్లు, అమ్మేసి ఇంకా వాడని గిఫ్ట్ కార్డులు మనమే కూర్చుని ఎక్కించి ఇవ్వాలి. ఆ గిఫ్ట్ కార్డుల లెక్క ఒక్కటి తప్పితే చాలు, నమ్మకం పోతుంది. ఏప్రిల్‌లో జనం పల్చగా ఉండే వారాల్లో నడిపి చూసుకుంటే వేసవికి చేయి తిరుగుతుంది. ప్రకటనల మీద డబ్బు పోయకండి. పారాచ్యూట్ పరిశ్రమ సంఘం రెండేళ్లకోసారి పెట్టే సింపోజియంలో ఒక బల్ల, వాడుతున్న ఇద్దరు ముగ్గురు యజమానుల నోటిమాట, ఈ రెండూ దాని కంటే ఎక్కువ పని చేస్తాయి.

అపోహ: వైజాగ్‌లో కూర్చుని వాళ్లకి సపోర్ట్ ఇవ్వలేం.

వేసవిలో న్యూయార్క్ వైపు శనివారం ఉదయం ఎనిమిదంటే మనకి సాయంత్రం ఐదున్నర. కాలిఫోర్నియాలో ఎనిమిదంటే రాత్రి ఎనిమిదిన్నర. వాళ్లకి మొదటి లోడ్ లేచే వేళకి మనం మెలకువగానే ఉంటాం. శని, ఆదివారాల రాత్రులు పని చేయడానికి ఒప్పుకునేవాళ్లనే తీసుకుని, సెలవు సోమ, మంగళవారాల్లో ఇస్తే సరిపోతుంది. సిడ్నీ అయితే వేరు. అక్కడి ఎనిమిది మనకి తెల్లవారుజామున మూడున్నర, వాళ్ల వేసవిలో రెండున్నర. మనిషిని పెట్టుకోకుండా అటువైపు అమ్మకండి.

భయపడాల్సింది తుఫాను గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో ఇక్కడున్న ఎవరినడిగినా చెప్తారు. సర్వర్లు ఎలాగూ క్లౌడ్‌లో ఉంటాయి. ఫోన్ ఎత్తగలిగే మనిషి ఒకరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండాలి. డ్రాప్‌జోన్లు కూడా ఊరవతల చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో ఉంటాయి, నెట్ పోతూ ఉంటుంది. నెట్ లేకపోయినా ఆ రోజు లోడ్ల జాబితా తెరుచుకోవాలి, ప్రింట్ రావాలి.

అపోహ: డాలర్లు తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి.

కొంత పని ఉంది, అంతే. ఇండియాలో స్ట్రైప్ 2024 నుంచి ఆహ్వానం ఉంటేనే కొత్త ఖాతా ఇస్తోంది. మన తరఫున అమ్మి, అక్కడి పన్నులు తామే కట్టే ప్యాడిల్ లాంటి సంస్థలు లావాదేవీకి 5 శాతం, 50 సెంట్లు తీసుకుంటాయి. మొదట్లో అదే నయం. ఎల్‌యూటీ, అంటే ఎగుమతి చేసేవాళ్లు జీఎస్టీ శాఖకి ఇచ్చే అండర్‌టేకింగ్ పత్రం, ఏటా ఫైల్ చేసుకుంటే ఎగుమతి చేసే సేవల బిల్లుకి జీఎస్టీ చేర్చక్కర్లేదు. మీ ఆడిటర్‌తో ఒకసారి కూర్చోండి.

అపోహ: ఇదే సాఫ్ట్‌వేర్‌ని ఇండియాలో కూడా అదే ధరకి అమ్మేయవచ్చు.

2022లో కేంద్రం జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ పాలసీ తెచ్చింది, అందులో స్కైడైవింగ్ కూడా ఉంది. ఆశ కలిగించే విషయమే. అయినా మన దగ్గర కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, చాలావాటికి రాబడి కొన్ని నెలలే. యూపీఐతో డబ్బు తీసుకునే అలవాటు వేరు, 18 శాతం జీఎస్టీ వేరు. నెలనెలా కార్డు నుంచి తీసుకునే పద్ధతిలో 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ కస్టమర్ ఆమోదం కావాలి. ఏడాదికోసారి ఇన్‌వాయిస్ ఇచ్చి బ్యాంకు బదిలీ అడగడమే ఇక్కడ సులువు.

అమ్మకం ఖాయమయ్యే ముందు ప్రతి యజమానీ ఏదో ఒక రూపంలో అడిగే మాట ఒకటుంది: "రేపు మీరు కంపెనీ మూసేస్తే?" దానికి మాటలతో కాదు, బటన్‌తో జవాబు చెప్పాలి. కస్టమర్లు, సంతకాలున్న హామీపత్రాలు, జంప్‌ల చరిత్ర, గిఫ్ట్ కార్డుల బాకీలు మొత్తం ఒక్క నొక్కుతో ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్లుగా దిగిపోవాలి. డెమో మొదటి పది నిమిషాల్లోనే ఆ బటన్ ఆయన చేతే నొక్కించండి.